ముందు వదిలిన చేప

అడుగున మెత్తటి అట్ట పరవాలి. మామూలు నీళ్ళతో కడగాలి, అంతే. సబ్బు, సోడా, మందు ఏదీ తగలకూడదు. ఒక పూట నీళ్ళు నింపి ఉంచి, అంచుల వెంట వేలితో తడిమి, చెమ్మ ఉందేమో చూడాలి. ఆ నీళ్ళు పారబోయాలి. గులకరాళ్ళను బియ్యం కడిగినట్టు కడగాలి. కుళాయి నీళ్ళు డ్రమ్ములో పట్టి ఎండలో నిలవ ఉంచి, ఆ తర్వాతే పోయాలి. చేపలున్న సంచిని మూతి విప్పకుండా కాసేపు నీళ్ళ మీద తేలనివ్వాలి.

ఇవీ చేయవలసిన పనులు. నన్ను అమ్మేటప్పుడు దుకాణదారు వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. కొనడానికి వచ్చిన సత్యవేణి శ్రద్ధగా తలూపుతూ విన్నది. నేనూ విన్నాను. ఇందులో కష్టమైనది ఒక్కటీ లేదు కదా అనుకున్నాను. మనుషుల సంగతి నాకప్పటికి తెలియదు.

నేను ఒక గాజుతొట్టిని. మీరు అక్వేరియం అంటారు. ఏలూరులో రైలుకట్ట పక్కన ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అయిదు గాజు పలకలు, వాటిని పట్టి ఉంచే జిగురు, ఇంతే నా ఒళ్ళు. ఎముక అన్నది లేదు. జిగురు ఆరేదాకా చుట్టూ టేపు వేసి, "దీన్ని కదపమాకండ్రోయ్" అని కేకేసి ఒక మూల కూర్చోబెట్టారు. ఆ మూల నుంచే నా మొదటి భయాన్ని చూశాను. నాకంటే ముందు తయారైన తొట్టి ఒకటి ఎదురుగా ఉండేది. పరీక్ష కోసం దాని నిండా నీళ్ళు పోశారు. బాగానే నిలబడింది. పనివాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. టప్పుమని ఒక్క చప్పుడు. నేలంతా నీళ్ళు, నీళ్ళ నిండా గాజుముక్కలు. వచ్చినవాళ్ళు "అరెరె" అన్నారు, చీపురుతో ఊడ్చారు, మళ్ళీ పనిలో పడ్డారు. నీళ్ళు పట్టుకోవడానికే పుట్టిన నాకు ఆ పూట నుంచి నీళ్ళంటే వణుకు.

నా వంతు వచ్చినప్పుడు నేను పగలలేదు. ఎందుకు పగల్లేదో నాకు తెలియదు. ధైర్యం మాత్రం కాదు.

తర్వాత దుకాణంలో చాలాకాలం ఖాళీగా ఉన్నాను. వచ్చినవాళ్ళలో సగం మంది నాలో తమ మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నారు. మిగిలిన సగం మంది గోటితో టకటకమని కొట్టి, "గట్టిదేనా?" అని అడిగారు. గాజు గట్టిదో కాదో కొట్టి చూస్తే ఏం తెలుస్తుంది? పగిలితే తప్ప తెలియని సంగతి అది.

సత్యవేణి మాత్రం కొట్టలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, నాలో నుంచి అవతలి గోడను చూసింది. ఆమె ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అందుకని ఇంటికి ఏ కాగితం వచ్చినా, ఏ మందు సీసా వచ్చినా చదివి చెప్పవలసింది ఆమే. నన్ను ఎందుకు కొంటున్నదో కూడా దుకాణదారుకు చదివినట్టే చెప్పింది. "మా నాన్న కోసమండి. పోయిన వారం మా ల్యాబుకొచ్చి, హాల్లో చేపలతొట్టి ముందు కూచుని ఎంతసేపైనా లేవలేదు. చేపలవైపు చూసి చాలా ఏళ్ళయింది ఆయన."

దుకాణదారు అదేదో శుభవార్త అనుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చాలా ఏళ్ళు చేపలవైపు చూడని మనిషి ఇంటికి నన్ను ఎందుకు పంపుతున్నారు?

ఇంటికి చేరాక తెలిసింది. సత్యవేణి అమ్మ నాంచారమ్మ నన్ను చూడవచ్చిన పక్కింటావిడకు గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. పెద్దిరాజు, అంటే ఆమె భర్త, కొల్లేరు వైపు చేపల చెరువుల మీద పనిచేసేవాడు. మేత వేయడం, మందు చల్లడం, చెరువుగట్టున మకాం గుడిసెలో పడుకుని కాపలా కాయడం. నీళ్ళ రంగు చూసి చేపకు ఏం కావాలో చెప్పేవాడట. చేపల పట్టుబడికి ఇంకా కొద్దిరోజులున్నాయనగా, ఒక తెల్లవారుజామున, చెరువంతా తెల్లగా కనపడింది. వెన్నెల అనుకున్నాడట. చేపల పొట్టలు అవి. చెరువు రైతు గట్టు మీదికొచ్చి అందరి ముందూ ఒక్కటే అడిగాడు. "నిన్న మందు చల్లింది నువ్వేగా?"

చల్లింది ఆయనే. ఎంత వేయమంటే అంతే వేశాడు. కానీ ఆ మాట నోటికి రాలేదు. తన కుడిచేతివైపు చూసుకుంటూ నిలబడిపోయాడట. ఆ మర్నాడే సామాను సర్దుకుని ఏలూరు వచ్చేశారు. అప్పటినుంచి ఆయన చేప తినలేదు, చేప మాట ఎత్తలేదు, మొక్కకు చెంబెడు నీళ్ళు కూడా పోయలేదు. అన్నం తినడానికి తప్ప ఆ కుడిచెయ్యి తువ్వాలు కిందనుంచి బయటికి రాదు.

"ఈ తొట్టిలో గనక చేపలు చచ్చినియ్యంటే," అన్నది నాంచారమ్మ, "ఇంక మా ఆయన మనిషి కాడు పిన్నీ. నాకు బయ్యంగా ఉంది. అది ఇంటేనా? పట్టుకొచ్చి పెట్టింది."

నన్ను వరండాలో బల్ల మీద పెట్టారు. ఎదురుగా నులకమంచం. మంచం మీద ఆయన. నేను ఆయన్ని చూస్తున్నాను, ఆయన నన్ను చూడకుండా ఉండటానికి గోడను చూస్తున్నాడు. నీళ్ళంటే భయపడే తొట్టి ఒకవైపు, నీళ్ళంటే భయపడే మనిషి ఒకవైపు. మధ్యలో ఖాళీ బిందె. అంతకు ముందు నాకు భయమంతా నేను పగులుతానేమోనని. ఇప్పుడు అది చిన్నదైపోయింది. నాలో పోసిన ప్రాణం నావల్ల పోతే? గాజుముక్కల్ని చీపురుతో ఊడ్చేయవచ్చు. ఈ మనిషిని దేనితో ఊడుస్తారు?

ఆ సాయంత్రం సత్యవేణి నన్ను కడిగింది. మామూలు నీళ్ళతో, మెత్తటి గుడ్డతో, ఒక్కో మూల నిదానంగా. దుకాణంలో విన్నదంతా ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. "సబ్బు అసలు తగలకూడదు. ఎవరూ ముట్టుకోవద్దు. నేను కడిగేశాను, అయిపోయింది." అందరూ తలూపారు. కానీ నా లోపలిపక్క పలకకు దుకాణం వాళ్ళ చీటీ ఒకటి అంటించి ఉండేది. చీటీ ఊడింది గాని జిగురు మరక పోలేదు. అందరూ లోపలికి వెళ్ళాక ఆమె తన సంచిలోనుంచి చిన్న సీసా తీసింది. ల్యాబులో సూది గుచ్చేముందు చర్మానికి రాసే స్పిరిట్. దూదితో నాలుగుసార్లు రుద్దింది. మరక పోయింది. చల్లగా, ఘాటుగా, ఏదో నా ఒంట్లోకి దిగినట్టు అనిపించింది. ఆమె వాసన చూసి, "ఆరిపోతుందిలే" అని తనకు తనే చెప్పుకుంది.

మర్నాడు ఉదయం ఆమె డ్యూటీకి వెళ్ళగానే నాంచారమ్మ వచ్చింది. కొంగు దోపుకుంది. చేతిలో పీచు, సబ్బు. బజారునుంచి వచ్చిన గిన్నెను తోమకుండా పొయ్యెక్కించని ఇల్లాలు ఆమె. "ఎవరెవరి చేతులు పడినియ్యో ఏమో" అని గొణుక్కుంటూ, నురగ పొంగేదాకా తోమింది. నేను కేక పెట్టాలనుకున్నాను. గాజుకు గొంతు ఉండదు. ఎంతో ప్రేమగా తోమింది, అదే నా భయం. కోపంతో చేస్తే ఎవరైనా ఆపుతారు, ప్రేమతో చేసేవాళ్ళను ఎవరు ఆపుతారు? తర్వాత రెండు చెంబుల నీళ్ళతో తొలిచి, తుడిచి, బయటివైపు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, దణ్ణం కూడా పెట్టింది. ఆ దణ్ణం చూసి మరింత వణికాను.

మధ్యాహ్నం కొడుకు దుర్గారావు భోజనానికి వచ్చాడు. కారు అద్దెకు తిప్పుతాడు. నా మీద అమ్మ గుడ్డ గీసిన చారలు చూసి ఆగాడు. "అక్క కడిగిందంటే ఇంతే. మరకలు మరకలు" అని, కారులోనుంచి అద్దాలకు కొట్టే నీలం మందు తెచ్చాడు. బయట కొట్టాడు. బాగా మెరిసింది. ఆ మెరుపు చూసి ఆగలేక లోపల కూడా కొట్టాడు. పాత దినపత్రికతో తుడిచి, నాలో మీసం చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి పెద్దిరాజు మంచం దిగాడు.

ఆయన వస్తుంటే నాకు ఏమనిపించిందో చెప్పలేను. నాకోసం లేచాడని సంతోషపడాలి కదా, పడలేకపోయాను. నా ముందు నిలబడి చాలాసేపు చూశాడు. తలవంచి నా లోపలి వాసన చూశాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి, నీళ్ళ సంపు శుభ్రం చేయడానికి ఉంచిన డబ్బా తెచ్చాడు. బ్లీచింగ్ పౌడరు. కొత్త చెరువులోకి నీళ్ళు పెట్టేముందు సున్నం, బ్లీచింగ్ చల్లి, నేల ఎండి వాసన విరిగేదాకా ఆగి, అప్పుడు పిల్లచేపల్ని వదులుతారట. ఆయన చేతులకు తెలిసిన శుభ్రం అదొక్కటే. కుడిచెయ్యి తువ్వాలులోనే ఉంచుకుని, ఎడమచేత్తో చిటికెడు తీసి, తడి చేసి, నా మూలమూలకూ రాశాడు. తర్వాత బిందెడు నీళ్ళతో కడిగాడు. చెరువుకైతే ఎండా గాలీ ఉంటాయి, ఆగే తీరిక ఉంటుంది. నాకు మర్నాడే ముహూర్తం పెట్టారు.

అలా నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు నన్ను శుభ్రం చేశారు. నలుగురి భయమూ ఒకటే. ఆయన ముందు చేపలు చావకూడదు. ఆ భయమే వాళ్ళ చేత ఒక్కో మందు రాయించింది. నా నాలుగు మూలల్లో నలుగురూ ఉన్నారు, వాళ్ళ ప్రేమ ఉంది, ఇంకా పూర్తిగా పోని వాళ్ళ వాసనా ఉంది. ఈ సంగతి తెలిసింది నా ఒక్కదానికే.

ముహూర్తం ఉదయాన పెట్టింది నాంచారమ్మ. గులకరాళ్ళు పరిచారు. డ్రమ్ములో నిలవ ఉంచిన నీళ్ళు పోశారు. ఎన్నాళ్ళనుంచో భయపడుతున్న ఘడియ అది. నీళ్ళు అడుగునుంచి మోకాలిదాకా, నడుందాకా, మెడదాకా వచ్చాయి. జిగురు పట్టుకుంది. నేను పగల్లేదు. పగిలిపోయి ఉంటే బాగుండును అనుకున్నాను. అప్పుడు తప్పు నా ఒక్కదానిది అయ్యేది.

దుర్గారావు చేపల సంచి తెచ్చాడు. ఎర్రచేపలు, నారింజ తొనల్లా ఉన్నాయి. సంచిని నా నీళ్ళ మీద తేలనిచ్చారు. పలచటి ప్లాస్టిక్కుకు ఇవతల నేను, అవతల అవి. ఒక్కొక్కటే నావైపు వచ్చి చూసి పోతున్నాయి. వాటిలో చిన్నది ఒకటి, తోక కొసన తెల్లటి మచ్చ ఉన్నది, మిగతావి వెళ్ళిపోయినా అక్కడే ఉండి చూస్తోంది. రావద్దే, అన్నాను. నా మాట నీళ్ళకే వినపడలేదు.

"ఇంక ఒదలరా, టైమైపోతంది," అన్నది నాంచారమ్మ. దుర్గారావు సంచి ముడి విప్పాడు.

"ఆగు."

ఆ గొంతు మంచం మీదనుంచి వచ్చింది. ఇంట్లో అందరూ అటు తిరిగారు. చేపల గురించి ఆ గొంతు మాట్లాడి చాలా ఏళ్ళయింది.

"ముందు ఒకదాన్ని ఒదలండి," అన్నాడు పెద్దిరాజు, ఇంకా గోడవైపే చూస్తూ. "చెరువుకైనా అంతే. చిన్న వలసంచిలో నాలుగు పిల్లలేసి నీళ్ళలో కట్టి చూస్తాం. అయ్యి తిరిగితేనే మిగతాయి ఒదుల్తాం."

"ఇదేం పదెకరాల చెరువా నాన్నా, గాజుపెట్టె!" అని నవ్వాడు దుర్గారావు.

"నోర్ముయ్‌రా," అన్నది సత్యవేణి. "నాన్న చెప్పినట్టు చెయ్యి."

చిన్న గరిటెతో తీయబోతే మిగతా చేపలన్నీ అడుగుకు పారిపోయాయి. తోక తెల్లది పైనే ఉంది. దాన్నే తీశారు.

నాలో తిరిగిన మొదటి ప్రాణం అది. నా పక్కల వెంట ఒక చుట్టు తిరిగింది. ఎంత తేలికగా తిరిగిందో! దాని రెక్క నా గాజుకు తగిలినప్పుడు, ఇదీ నేను పుట్టినందుకు అర్థం అనుకున్నాను. రెండో చుట్టులో ఆగింది. ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు పైకి దూసుకెళ్ళింది. కిందికి వచ్చి నాకే తల కొట్టుకుంది. మళ్ళీ పైకి వెళ్ళి, నీళ్ళ అంచున నోరు తెరిచి, మూసి, తెరిచి, మూసి...

"ఆడుకుంటందే!" అన్నది నాంచారమ్మ.

ఆడుకోవడం కాదని తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఆయనా. తువ్వాలు కింద పడింది. పెద్దిరాజు మంచం మీదనుంచి ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు. ఆయన కుడిచెయ్యి మోచేతిదాకా నాలో మునిగింది. ఎన్నో ఏళ్ళుగా చేపను తాకని ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. చేప కింద పుడిసిలిలా తెరుచుకుని, నొప్పి తగలకుండా పైకి తెచ్చింది. సత్యవేణి పరుగున స్టీలు గిన్నె తెచ్చి అందులో సంచినీళ్ళు పోసింది. చేపను అందులో వదిలారు. ఒక పక్కకు ఒరిగి తేలింది.

"నేనే ఏశానమ్మా," అన్నాడు ఆయన. నీళ్ళు కారుతున్న చేతిని దాచుకోలేదు. "బ్లీచింగు. నిన్న మీరెవరూ లేనప్పుడు. చిటికెడే. కడిగాననే అనుకున్నా. నేనే ఏశాను."

అందరూ ఆ చేతివైపే చూస్తూ నిలబడ్డారు. నాకు ఆ చెరువుగట్టు గుర్తొచ్చింది, నేను చూడకపోయినా. అక్కడా ఇలాగే అందరూ నిలబడి ఉంటారు. ఇంక ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడు, ఈసారి ఎవరూ వెనక్కి తిప్పలేరు అని భయపడ్డాను.

"మీరొక్కరే ఏంటి," అన్నది నాంచారమ్మ, కొంగు నలుపుకుంటూ. "నేనూ మొన్న సబ్బెట్టి తోమాను. పీచుతో."

"అమ్మా! సబ్బు తగలకూడదని అంత చెప్పాను గదే!"

"చెప్పావులే. వట్టి నీళ్ళకి జిడ్డు పోద్దా ఏంటి?"

దుర్గారావు మెడ గోక్కున్నాడు. "అక్కా, కారు అద్దాలకి కొట్టే మందు... బయటేపే కొట్టాను. లోపల కూడా కొంచెం."

"కొంచెం అంటే ఎంతరా?"

"తళతళలాడిందాకా."

సత్యవేణి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "చీటీ జిగురు పోలేదని నేను స్పిరిట్ పెట్టి రుద్దాను," అన్నది. గొంతు చాలా చిన్నదైపోయింది. "దూదితో. ఆరిపోతుందనుకున్నా."

"ఓసి నీ చదువు చల్లగుండ, నువ్వూనా!" అన్నది నాంచారమ్మ. దుర్గారావుకు నవ్వు వచ్చింది, గిన్నెవైపు చూసి ఆపుకున్నాడు. గిన్నెలో కదలిక ఆగిపోయి ఉంది.

పెద్దిరాజు వంగి చూశాడు. "అయితే దీన్ని చంపింది ఎవరి చెయ్యి?" అని అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

"తెలీదు నాన్నా," అన్నది సత్యవేణి. "నాదీ కావచ్చు. అందరిదీ కావచ్చు."

ఆయన మంచం పట్టె మీద కూలబడ్డాడు. "ఆ రోజు గట్టు మీద మేత ఏసినోడున్నాడు. పక్క చెరువు నీళ్ళు మనలోకి మళ్ళించినోడున్నాడు. మందు తెచ్చిచ్చినోడున్నాడు. నన్నొక్కణ్ణే అడిగారు. ఒక్కడంటే ఒక్కడు, 'నేను కూడా' అనలేదు." అని, తడిచేతిని మోకాలి మీద పెట్టుకుని ఏడ్చాడు. నాంచారమ్మ పక్కన కూర్చుంది. ఆయన చేతిని తన కొంగుతో తుడిచింది.

ఎవరి చెయ్యో నాకు తెలుసు కదా అని మీరు అడగవచ్చు. నాకూ తెలియదు. చెప్పాను కదా, నా నాలుగు మూలల్లోనూ నలుగురూ ఉన్నారు. వాళ్ళతోపాటు నేనూ ఉన్నాను.

మిగతా చేపల్ని అదే సంచిలో దుకాణానికి పంపేశారు. ఆ వారమంతా నలుగురూ కలిసి, ఒకరి ముందు ఒకరు, నన్ను కడిగారు. నింపడం, పారబోయడం, ఎండలో పెట్టడం, మళ్ళీ నింపడం. ప్రతిసారీ వంగి వాసన చూసింది పెద్దిరాజు. పోసింది కుడిచేత్తో. నాంచారమ్మ మాత్రం సబ్బు ఉన్న గూటివైపు అప్పుడప్పుడూ ఆశగా చూసేది. దుర్గారావు దణ్ణం పెట్టేవాడు, "వద్దే అమ్మా" అని.

తర్వాత మళ్ళీ ఒక చేపను ముందు వదిలారు. అది తిరిగింది. ఆ రోజంతా తిరిగింది. అప్పుడు మిగతావి వచ్చాయి.

ఇప్పుడు నా అంచులకు పచ్చగా నాచు పట్టింది. ఒక పక్క గీతలు పడ్డాయి. పొద్దున్నే ఆయన నా ముందు కూర్చుని మేత చల్లుతాడు, నీళ్ళ రంగు చూసి ఏదో గొణుక్కుంటాడు. చేపలకు, నాకు, ఆయనకు మధ్య ఒక అలవాటు ఏర్పడింది. భయం మాత్రం పోలేదు. నీళ్ళు మార్చిన ప్రతిసారీ, ముందు వదిలిన ఆ ఒక్క చేప రెండో చుట్టు దగ్గరికి వచ్చేసరికి నా జిగురంతా బిగుసుకుంటుంది. ఆయన కూడా ఊపిరి బిగబడతాడు. మూడో చుట్టు తిరిగాక ఇద్దరం వదులుతాం.

ఆ చిన్నదాన్ని పెరట్లో కరివేపాకు మొక్క కింద పూడ్చారు. నాంచారమ్మ కాస్త పసుపు వేసింది. దానికి పేరు పెట్టే సమయం కూడా ఎవరికీ దొరకలేదు. నలుగురి నోళ్ళు తెరిపించి, ఒక మనిషి చేతిని అతనికి తిరిగి ఇచ్చి వెళ్ళింది. అది తనకు తెలియదు, తనను ఎవరూ అడగనూ లేదు. ఇంట్లోవాళ్ళు మంచివాళ్ళే, కానీ మనుషులు కదా, కొన్నాళ్ళకు మరిచిపోతారు. నేను పగిలిన రోజున ఆ రెండు చుట్లను గుర్తుంచుకునేవాళ్ళు ఇంకెవరూ ఉండరు. అందుకే ఇదంతా మీకు చెప్పుకున్నాను. మీరెప్పుడైనా ఒక కొత్త తొట్టిని కడిగి, మొదటిసారి నీళ్ళు నింపి, సంచి ముడి విప్పబోయేముందు ఒక్క క్షణం ఆగండి. ఎవరూ పిలవకుండానే పైకి వచ్చి చూసిన చిన్న ఎర్రచేప ఒకటి ఉండేది, తోక కొసన తెల్లగా. దాన్ని తలుచుకోండి.